మొయినాబాద్ పొలం గురించి

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. పొలం అమ్మేద్దామని అన్నయ్య, కుదరదని నాన్నగారు పట్టుబట్టారని, మధ్యలో నలిగిపోతున్నానని రాశావు. నేనెవరి పక్షమని అడిగావు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందిరా. అసలు అన్యాయం మీ ఇంటి బయట జరిగింది.

ముందు అన్నయ్య లెక్క చూద్దాం. ఖర్చులు పోను ఎకరం మీద ఏడాదికి లక్ష మిగులుతుందనుకో. 7 శాతం వడ్డీ చొప్పున ఆ లక్షను ఇచ్చే ఆస్తి విలువ 14 లక్షల పైచిలుకు. మీ దగ్గర ఎకరం కోట్లలో పలుకుతోంది. పై ధరంతా రేపు అక్కడ వెలిసే ప్లాట్లది. ఆ ధర పెట్టి కొని సాగు చేసి బతకడం ఎవరి తరమూ కాదు. అందుకే ఒక్కసారి చేయి దాటిన పొలం మళ్లీ రైతు చేతికి రాదు. మీ పక్క చేను కొన్నవాళ్లు కడీలు పాతి, గేటుకు తాళం వేసి వెళ్లిపోయారన్నావు కదా, ఇక అందులో పంట చూడలేం. అమ్మినవాళ్లు ఆ డబ్బుతో ఇంకాస్త దూరంలో భూములు కొంటే అక్కడా ధరలు ఎగబాకి, కౌలు రైతు కాలు నిలవదు.

నాన్నగారి లెక్క ఏ దస్తావేజులోనూ కనపడదు. మొన్న వానలో మీ గట్టు మీద నిలబడి చూశాను. బీర పందిరి కింద పడిన నీరు పడినట్టే ఇంకిపోయింది. అవతలి వెంచర్‌లో సిమెంటు రోడ్డు మీద పడినదంతా మట్టిని కోసుకుంటూ ఎర్రగా కిందికి పరుగెత్తింది. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచిన తర్వాతే కదా, వరదను ఆపి నగరానికి నీళ్లివ్వడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు! వాటి ఎగువన నేల నేలగా ఉంటేనే ఆ చెరువులకు అర్థం.

అది గుర్తించే 1996లో 111 జీవో తెచ్చారు. ఆ చెరువుల చుట్టూ మీ వైపు ఊళ్లతో సహా 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేశారు. ఉద్దేశం మంచిదే, నేను ఇప్పటికీ దాన్ని సమర్థిస్తాను. కానీ నీళ్లు తాగింది నగరం, ధర వదులుకున్నది మీరు. పాతికేళ్లలో మీ నాన్నగారికి అందుకు ఎవరైనా పరిహారం ఇచ్చారా? 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నప్పుడు ఊళ్లలో సంబరపడ్డారంటే తప్పు పట్టగలమా?

మా చెల్లెలు ఉండే మేరీలాండ్ రాష్ట్రంలో, మాంట్‌గోమరీ కౌంటీలో 1980లో వేరే దారి ఎంచుకున్నారు. దాదాపు 93,000 ఎకరాలను సాగుకు కేటాయించి, 25 ఎకరాలకు ఒక్క ఇల్లే అన్నారు. అయితే ప్రతి 5 ఎకరాలకు ఒక నిర్మాణ హక్కు చొప్పున రైతుకు ఇచ్చారు. ఎదుగుతున్న ప్రాంతాల్లో ఎక్కువ ఇళ్లు కట్టాలనుకునే బిల్డరు ఆ హక్కును రైతు దగ్గర కొనుక్కోవాలి. డబ్బు వచ్చింది, పొలమూ మిగిలింది. అక్కడా అన్నీ సజావుగా సాగాయని అనను. కానీ ఖాళీ నేల వల్ల లాభపడేవాళ్లే దాని ఖరీదు చెల్లించాలన్న సూత్రం నాకు ఎంతో నచ్చింది.

ఇది మనకు కొత్తదీ కాదు. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవారికి హైదరాబాద్‌లో టీడీఆర్ పత్రాలు, అంటే వేరొకరికి అమ్ముకోగల నిర్మాణ హక్కు పత్రాలు ఇస్తున్నారు, బిల్డర్లు వాటిని కొని అదనపు అంతస్తులు వేస్తున్నారు. రోడ్డుకు ఇచ్చిన గజాలకు హక్కు పుట్టినప్పుడు చెరువు కోసం ఆపిన ఎకరాలకు ఎందుకు పుట్టదు? ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఇక మీ సంగతి. అన్నయ్య అప్పు, పిల్లల చదువు నిజమైన అవసరాలే. మొత్తం కాకుండా రోడ్డు వైపు ముక్క మాత్రం అమ్మి, బావి ఉన్న వైపు ఉంచుకోవడానికి నాన్నగారు ఒప్పుకుంటారేమో అడుగు. ఎంతకు బేరం కుదిరినా బయానా తీసుకునే ముందు గడువు, మిగతా సొమ్ము ఎప్పుడిస్తారన్నది కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం నకలు నాకు పంపు, మా వీధిలోని వకీలుగారికి చూపిస్తాను. వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉంటాను, అన్నయ్యను కూడా వెంటబెట్టుకుని రా.

నీ
రఘు