ఆ గాస్కెట్‌కు నంబరెంత?

సంపాదకులకు నమస్కారం.

పదిహేనేళ్లు దాటిన బండ్లను తుక్కు చేయడం గురించి ఈ మధ్య మీ పత్రికలో చాలా ఉత్తరాలు వచ్చాయి. పొగ గురించి రాశారు, పన్ను గురించి రాశారు. పాత బండిని బాగుచేసుకుని నడుపుకుందామనుకునేవాడికి సామాను ఎలా దొరుకుతుందో మాత్రం ఎవరూ ఎత్తలేదు. ముప్పై మూడేళ్లు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసినవాణ్ని కనుక నాకు ముందు తట్టేది అదే.

పోయిన వేసవిలో అమెరికాలో, ఒహాయోలో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్లాం. మా ఆవిడ వారం తిరక్కుండానే పెరట్లో గోంగూర వేసింది. నాకే పొద్దుపోయేది కాదు. ఒక శనివారం పక్క వీధిలో ఎవరో పాత సామాను అమ్ముతుంటే, గోడకు ఆనించి ఒక చిన్న బండి కనబడింది. హోండా ఎక్స్‌ఆర్ 75. పిల్లలు మట్టిలో, గుట్టల్లో నడుపుకోవడానికని 1973లో తెచ్చిన మోడల్. 72 సీసీ, ఫోర్ స్ట్రోక్ ఇంజను. లైటు లేదు, బ్యాటరీ లేదు, రోడ్డెక్కే హక్కూ లేదు. నూట యాభై డాలర్లు అన్నారు. మా అబ్బాయి వద్దన్నాడు, పన్నెండేళ్ల మనవడు కావాలన్నాడు. బండి ఇంటికి వచ్చింది.

ప్లగ్గు విప్పి, ఆ రంధ్రం మీద బొటనవేలు అదిమిపెట్టి, మనవణ్ని కిక్ కొట్టమన్నాను. వేలిని గట్టిగా తోసింది. పిస్టన్, రింగులు బాగానే ఉన్నాయన్నమాట. జబ్బంతా పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బురేటర్‌లో ఉంది. ఏళ్ల తరబడి నిలవ ఉన్న పెట్రోలు అడుగున ముదురు పాకంలా గడ్డకట్టి వార్నిష్ వాసన కొడుతోంది. పెట్రోలు సన్నగా వెళ్లే చిన్న రంధ్రం, పైలట్ జెట్, పూర్తిగా పూడిపోయింది. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి, మెల్లగా పొడిచి, వెలుతురుకు ఎత్తి చూస్తే సూదిమొనంత ఆకాశం కనబడింది. మనవడు దాన్ని నా చేతిలోంచి లాక్కుని ఎంతసేపు చూశాడో!

మరలతో, అంటే స్క్రూలతో, ఇంకో తంటా. ఆ జపాన్ మరల తలలు మామూలు స్టార్ స్క్రూడ్రైవర్‌కు సరిపోయేట్టే కనబడతాయి కానీ గాడి తీరు వేరు. బిగువుగా ఉన్నదాన్ని తిప్పబోతే డ్రైవర్ పైకి జారి తలను నమిలేస్తుంది. రెండు తలలు అలా పోయాక మా అబ్బాయి నా మాట విని, వాటికి తగిన డ్రైవర్ తెప్పించాడు. ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు ఇంజను పక్కన తిరిగే బరువు చక్రం, ఫ్లైవీల్, వెనక ఉంటాయి. ఆ చక్రాన్ని లాగి ఊడదీసే పుల్లర్ లేదు, సుత్తి తేనా అన్నాడు మా అబ్బాయి. నేను ఫ్లైవీల్‌కు అడ్డంగా కూర్చున్నాను. పుల్లర్ వచ్చిందాకా నాలుగు రోజులు ఆగి, పాయింట్లను జీరో పేపరుతో, అంటే సన్నని గరుకు కాగితంతో, రుద్ది, 0.35 మిల్లీమీటర్ల గ్యాపు పెట్టాం.

అసలు నేను చెప్పదలచుకున్నది సామాను సంగతి. యాభై ఏళ్ల నాటి బండి కదా, ఎక్కడ దొరుకుతుందిలే అనుకున్నాను. మా అబ్బాయి కంప్యూటర్ తెరిస్తే బండిని ముక్కముక్కలుగా విడదీసి గీసిన బొమ్మలు, ప్రతి మరకూ వాషరుకూ ఒక నంబరు! హోండావారి నంబరులో మొదటి అయిదంకెలు అది ఏ భాగమో చెబుతాయి. 13101 అంటే ఏ హోండా బైకుకైనా పిస్టనే. మధ్య మూడంకెలు ఆ భాగాన్ని మొదట ఏ మోడల్ కోసం చేశారో చెబుతాయి. ఎక్స్‌ఆర్ 75 అంకె 116. కొన్ని భాగాల తయారీ ఎప్పుడో ఆపేశారు. అయినా నంబరు చేతిలో ఉంటే ఏదో ఊళ్లో పాత స్టాకులో మిగిలినదో, వేరే మోడల్‌కు వాడినదో, బయటివాళ్లు కొత్తగా చేస్తున్నదో పట్టుకోవచ్చు. మాకు అలాగే పదమూడు రోజుల్లో అన్నీ వచ్చాయి. మా డిపో స్టోర్స్‌లో బిన్ కార్డు మీద నంబరు చూసి సామాను తెచ్చిన రోజులు గుర్తుకొచ్చాయి.

తిరిగొచ్చాక తెనాలిలో నా పాత మోపెడ్ తీశాను. దాని పేరు రాయను, కంపెనీని ఆడిపోసుకోవడం నాకిష్టం లేదు. కార్బురేటర్ కింది గిన్నెకు పెట్రోలు కారకుండా వేసే గాస్కెట్ కావలసి వచ్చింది. షోరూములో కౌంటరు దగ్గరి అబ్బాయి పార్టు నంబరు చెప్పమన్నాడు. అది తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తాను నాయనా అన్నాను. ఆ మోడల్ కంప్యూటర్‌లో రావడం లేదని, పాతది ఇచ్చేస్తే కొత్త బండి మీద తగ్గింపు ఇస్తామని చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు పాపం. విజయవాడ ఆటోనగర్‌లో రెండు పూటలు తిరిగాను. అరిగిన సిలిండర్‌ను లోపల తొలిచి సరిచేసే బోరింగ్ పని సాయంత్రానికి చేసి ఇస్తామన్నవాళ్లు ఇద్దరు దొరికారు, ఈ రబ్బరు చుట్ట మాత్రం దొరకలేదు. పనితనానికి మన దగ్గర కరువు లేదు. ఒహాయోలో సిలిండర్ బోరింగ్‌కు ఎంతవుతుందని సరదాకు అడిగితే బండి ధర కంటే ఎక్కువ చెప్పారు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న దాని కోసం ఇంటర్నెట్‌లో ఒక పోర్టల్ కూడా తెరిచింది. వాహనాలూ అందులో ఉన్నాయి. ఆ శాఖవారిని నేను కోరేది ఒక్కటే. తయారీ ఆపేసిన బండ్ల విడిభాగాల పుస్తకాలను, బొమ్మలతో నంబర్లతో సహా, కంపెనీల చేత అందులో పెట్టించండి. భాగాలు తయారుచేయమని నేను అడగడం లేదు. కంపెనీ బీరువాలో ఉన్న పుస్తకాన్ని స్కాన్ చేయడానికి ఒక గుమాస్తాకు రెండు రోజుల పని.

మొన్న రాత్రి మనవడు ఫోను చేశాడు. పెట్రోల్ కుళాయి కారుతోందట. 16950తో మొదలయ్యే నంబరు వెతకమన్నాను, పది నిమిషాల్లో దొరికిందని మళ్లీ చేశాడు. నా మోపెడ్‌కు మాత్రం గాస్కెట్ షీటు తెచ్చి కత్తెరతో నేనే కత్తిరించాను, ఇది మూడోది. కింద పెట్టిన పెరుగు డబ్బాలో ఇంకా చుక్కలు పడుతూనే ఉన్నాయి.

ఇట్లు
ఒక విశ్రాంత ఆర్టీసీ మెకానిక్,
తెనాలి