మొలలని సరిపెట్టుకోకుండా పెద్దపేగు పరీక్ష

సంపాదకుల వారికి,

అయ్యా,

మలంలో రక్తం కనిపిస్తే వేడి చేసిందనో, మొలలనో సరిపెట్టుకోవడం మా కందుకూరు ప్రాంతంలో మామూలే. మా అన్నయ్య ఏడాదిన్నర పాటు మొలల మందులే వాడిన తరువాత ఒంగోలులో కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకుంటే పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. అప్పటికి ఆయన వయసు 58. అలా రక్తం పడుతున్నవారు నేరుగా డాక్టరును కలవాలి. నేను రాస్తున్నది ఏ లక్షణమూ లేనివారు ముందుజాగ్రత్తగా చేయించుకునే పరీక్షల గురించి.

ఫిట్ అనే మలపరీక్షకు ఇంట్లోనే చిన్న గొట్టంలో నమూనా తీసి ఇస్తే చాలు, పథ్యం అక్కరలేదు. కంటికి కనిపించని రక్తాన్ని అది పట్టుకుంటుంది. అయితే పేగు లోపలి గోడకు మొలిచే పాలిప్‌లు అన్నీ రక్తం కార్చవు గనుక చాలావాటిని అది వదిలేస్తుంది. అందుకే ఏటా చేయించాలి. కొలనోస్కోపీకి భేది మందు తాగి పేగు ఖాళీ చేసుకోవాలి, మత్తు ఇస్తారు గనుక తోడు మనిషి కావాలి, కూలి పోతుంది, అరుదుగానైనా పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉంది. కానీ పాలిప్ కనిపిస్తే అక్కడికక్కడే తీసేయగలిగిన పరీక్ష అదే. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లదాకా పడుతుంది గనుక, ఏమీ లేదని తేలినవారు మరో 10 సంవత్సరాలు నిశ్చింతగా ఉండవచ్చు. సీటీ స్కాన్ పద్ధతి కూడా ఉంది గానీ, అందులో పాలిప్ కనిపిస్తే మళ్లీ కొలనోస్కోపీకే వెళ్లాలి, కాబట్టి మా బోటివారికి అది రెండు ఖర్చులు.

అమెరికా నిపుణుల బృందం 2021లో ఈ పరీక్షలు మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కు తగ్గించింది. ఈ జబ్బు మన దేశంలో అక్కడంత ఎక్కువ కాదు, కనుక ఉదయగిరి, కనిగిరి పల్లెల్లో అందరికీ కొలనోస్కోపీ అనడం సబబు కాదు. 30 ఏళ్లు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేస్తున్న ప్రభుత్వ కార్యక్రమంలోనే 45 దాటినవారికి ఫిట్ కూడా చేర్చాలని నా మనవి. ఫలితం పాజిటివ్ వచ్చినవారికి జిల్లా కేంద్రంలో కొలనోస్కోపీ తేదీ ఇచ్చే ఏర్పాటు లేకపోతే మాత్రం ఆ పరీక్ష చేసీ ప్రయోజనం లేదు.

ఇంట్లో ఈ జబ్బు వచ్చినవారి లెక్క వేరు. మా అన్నయ్య కొడుకులకు ఫిట్ చాలదు. 40వ ఏట నుంచి అయిదేళ్లకొకసారి కొలనోస్కోపీయే చేయించాలని డాక్టరుగారు చెప్పారు. ఏఎన్‌ఎంలు ఇంటింటి సర్వేకు వచ్చినప్పుడు, మీ ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందా అన్న ఒక్క ప్రశ్న తప్పక అడిగేలా అధికారులు చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కందుకూరు