ఇకపై నేను చూడని హాలు మీకు చెప్పను

నమస్కారం.

గ్రూపు మీటింగులకీ, శిక్షణ తరగతులకీ, చిన్న సభలకీ నగరంలో హాళ్లు వెతికిపెట్టడం మా పని అని మీకు తెలుసు. పోయిన నెల మా వల్ల ఒక గ్రూపు రోజంతా ఇబ్బంది పడింది. వాళ్లకి క్షమాపణ చెప్పాను, ఆ బుకింగులో మాకు వచ్చింది వాళ్లకే ఇచ్చేశాను. అదే పొరపాటు మీలో ఎవరి విషయంలోనైనా జరిగి ఉండేది కాబట్టి, మీ అందరికీ చెప్పాలనిపించింది.

వాళ్లు 60 మంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా శిక్షణ, రాసుకునే పని ఉంది కాబట్టి బల్లలు కావాలన్నారు. హాలు వాళ్లు పంపిన కాగితంలో కెపాసిటీ 80 అని ఉంది. నేను ఫొటోలు చూశాను, ఫోన్లో మాట్లాడాను, ఖాయం చేసేశాను. ఆ రోజు వెళ్లి చూస్తే, 80 అన్నది వట్టి కుర్చీలు వరసగా వేస్తే వచ్చే లెక్క. బల్లలు వేసి 40 మంది కూర్చునేసరికి నడిచే దారి మూసుకుపోయింది. మిగతా 20 మంది గోడ వారగా కూర్చుని, ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాసుకున్నారు. వెనక వరసలో ఒక పెద్దావిడ మంచినీళ్లకి లేస్తే ఆవిడతో పాటు ఏడుగురు లేవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆవిడ సాయంత్రం దాకా సీట్లోంచి కదల్లేదు. నాకు ఇప్పటికీ ఆ దృశ్యమే కళ్ల ముందు ఉంది.

మర్నాడు టేపు పట్టుకుని వెళ్లి ఆ హాలు కొలిచాను. సుమారు 600 చదరపు అడుగులు. భవనాల భద్రతకి నియమాలు చెప్పే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్‌లో జనం కూడే చోట్లకి ఒక లెక్క ఉంది: వట్టి కుర్చీలైతే మనిషికి 7 చదరపు అడుగులు, బల్లలూ కుర్చీలూ అయితే 15. భాగించి చూడండి. మొదటి లెక్కన 85 మంది, రెండో లెక్కన 40. హాలు వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఎలా కూర్చుంటారో అడగాల్సింది నేను, అడగలేదు. పైగా అది భద్రత కోసం వేసిన లెక్క, సుఖంగా కూర్చునే లెక్క కాదు. మాట్లాడేవాళ్లు నిలబడే చోటు, ప్రొజెక్టర్ ముందు వదిలే ఖాళీ తీసేస్తే ఇంకా తగ్గుతుంది. అదే కోడ్ ప్రకారం 50 మంది పట్టే గదికి బయటికి రెండు దారులు ఉండాలి. ఇకమీదట ఏ హాలుకి వెళ్లినా రెండో తలుపు ఎక్కడుందో, దానికి తాళం వేసి ఉందో లేదో చూశాకే మిగతావి చూస్తాను.

చూడటం అన్నానని పగలు పదకొండింటికి వెళ్లి చూస్తే సరిపోదు. మీ మీటింగు సాయంత్రం ఆరింటికైతే నేనూ ఆరింటికే వెళ్లాలి. పెద్ద హాలుని మడత గోడతో రెండుగా చేసి ఇచ్చే చోట్ల, అవతలివైపు మైకు పెడితే ఇవతల ఎవరి మాటా వినపడదు. ఇక ఖాళీ హాల్లో ప్రతిధ్వని విని బెదిరిపోనక్కర్లేదు, మనుషులు నిండితే అది తగ్గుతుంది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసాల గదిలో మాటలు అర్థం కావడం లేదంటే, వాలెస్ సెబైన్ అనే యువ అధ్యాపకుడు ఆ పని నెత్తికెత్తుకున్నాడు. రాత్రిళ్లు దగ్గర్లోని థియేటర్ నుంచి సీట్ల మెత్తలు తెప్పించి పరిచి, శబ్దం ఎంతసేపటికి ఆగుతుందో కొలిచాడు. మెత్తలే కాదు, మనుషులూ శబ్దాన్ని పీల్చుకుంటారని తేల్చాడు. అంత ఓపిక ఉన్న మనిషి గురించి చదివాక, ఒక సాయంత్రం వెళ్లి రావడానికి నేను బద్ధకించడం సిగ్గుగా అనిపించింది.

‘రెండు మెట్లే కదా’ అనే మాటని కూడా ఇక నమ్మను. చక్రాల కుర్చీకి ర్యాంపు వేయాలంటే ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలి. ఆ రెండు మెట్ల ముందు అంత చోటు చాలా భవనాలకి ఉండదు. టాయిలెట్ ఏ అంతస్తులో ఉందో, అక్కడికి లిఫ్టు వెళ్తుందో లేదో కూడా చూసి చెప్తాను.

ఇంకో సంగతి, చెప్పడానికి కష్టంగానే ఉంది. ఇన్నాళ్లూ హాలు వాళ్లిచ్చే కమిషన్ మీదే మా సంస్థ నడిచింది. లైబ్రరీలో మీటింగు గది, కమ్యూనిటీ హాలు, సెలవు రోజున కాలేజీ సెమినార్ హాలు, ఇవేవీ కమిషన్ ఇవ్వవు. కావాలని దాచలేదు కానీ, మీరు అడగ్గానే నాకు ముందు గుర్తొచ్చేవి మాత్రం కమిషన్ ఇచ్చేవే. పదిహేను మంది పుస్తకం గురించి మాట్లాడుకోవడానికి హోటల్ కాన్ఫరెన్స్ గది చూపించిన రోజులున్నాయి. వచ్చే నెల నుంచి ఏ హాలు దగ్గరా కమిషన్ తీసుకోను. మా ఫీజు మీరే ఇస్తారు, అది ఎంతన్నది పని మొదలుపెట్టకముందే చెప్తాను. కొందరికి ఇది భారమే అవుతుందని తెలుసు. చిన్న గ్రూపులకి లైబ్రరీ గది సరిపోతుందనుకుంటే ఫోన్లోనే ఆ మాట చెప్పేస్తాను, దానికి ఫీజు ఉండదు.

మా హాళ్ల జాబితా కూడా చిన్నదైపోయింది. ఇన్నాళ్లూ అందులో ఉన్న హాళ్లలో నేను కాలుపెట్టి చూసినవి సగం కూడా లేవు. చూడనివన్నీ తీసేశాను.

మీరు అడిగేటప్పుడు ఎంతమంది అన్నదే కాకుండా, ఎలా కూర్చుంటారు, రాసుకోవాలా, మెట్లు ఎక్కలేనివాళ్లు ఉన్నారా, ముగిశాక ఇంటికి ఎలా వెళ్తారు అన్నవి కూడా చెప్పండి. పదింటికి మీటింగంటే తొమ్మిదింటికే తలుపులు తీయించాలి, కుర్చీలు సర్దుకోవడానికి ఆ గంట కావాలి. బుకింగు ఆ గంటతో కలిపే చేయిస్తాను.

ఇప్పటికే మా ద్వారా బుక్ చేసుకున్నవాళ్ల హాళ్లలో నేను చూడనివి కొన్ని ఉన్నాయి. ఈ వారంలో వాటన్నిటికీ మీ మీటింగు వేళకే వెళ్లి చూసి, మీకు ఫోన్ చేస్తాను. సరిపోదనిపిస్తే ఇంకోటి చూసిపెడతాను. పాత హాలు వాళ్లు అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే ఆ డబ్బు నేను కడతాను.