ఆదివారం ఆరాధనకి కిల్ట్

అందరికీ వందనాలు. ఆదివారం ఆరాధనకి కిల్ట్ (స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకి చుట్టుకునే, మోకాళ్ళ దాకా వచ్చే కుచ్చిళ్ళ బట్ట) కట్టుకుని రావొచ్చా అని ఇద్దరు ముగ్గురు తమ్ముళ్ళు అడిగారు. తప్పకుండా రండి. ఇక్కడ స్కాట్లాండ్‌లో పెళ్ళికైనా చర్చికైనా అది మన పట్టుపంచె లాంటిదే, పైగా 1746 చట్టంతో సైనికులు తప్ప మగవాళ్ళెవరూ వేసుకోకూడదన్నారు, 1782లో గానీ ఆ నిషేధం పోలేదు, అంత కష్టపడి నిలబెట్టుకున్న బట్టని తేలిగ్గా చూడొద్దు. కుచ్చిళ్ళు వెనక్కి రావాలి. బెంచీ మీద కూర్చునేటప్పుడు చేత్తో వాటిని కిందికి సర్దుకుని కూర్చోండి, నలిగితే ఇస్త్రీకి నాకు గంట పట్టింది. ముందువైపు ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు పొరల్లో పిన్ను పై పొరకే పెట్టండి, రెండూ కలిపి గుచ్చితే బట్ట చిరుగుతుంది. మేజోడులో దోపుకునే చిన్న కత్తి మాత్రం ఇంట్లోనే ఉంచండి, పిల్లలుంటారు. పెద్దవాళ్ళెవరైనా ఇదేంటని అడిగితే నాతో మాట్లాడమనండి.