మంత్రి గారూ, పొగాకు సీజన్ మా ఫైలు కోసం ఆగదు

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. డాక్టరేట్ తర్వాత పరిశోధనకు ఇచ్చే నా పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ రెండో ఏడాది గ్రాంటు గురించి మీ కార్యాలయానికి పెట్టుకున్న అర్జీల్లో ఒక్కదానికీ జవాబు రాలేదు. ఫోన్ చేస్తే ‘పరిశీలనలో ఉంది’ అంటారు. పోర్టల్ తెరిస్తే అక్కడా అదే మాట. ఇచ్చిన డబ్బు వాడినట్టు చూపే యూసీ (వినియోగ ధ్రువపత్రం) పంపాం, ఖర్చుల లెక్క పంపాం, మళ్లీ అడిగితే మళ్లీ పంపాం. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నాను.

పథకం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ డబ్బు ఆగితే మా ప్రకాశం జిల్లా కొండపి, టంగుటూరు పల్లెల్లో పొగాకు పని చేసేవాళ్ల డీఎన్‌ఏ మీద నా పరిశోధన ఎలా ఆగిపోయిందో మాత్రం చెప్పాలి.

మన ఒంట్లో ఒక్కో కణంలో డీఎన్‌ఏ రోజూ వేల చోట్ల దెబ్బతింటుంది. కణమే దాన్ని సరిచేసుకుంటుంది. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో తేల్చినందుకే 2015లో లిండాల్, మోడ్రిచ్, సాంకార్‌లకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. దెబ్బలు ఎక్కువై మరమ్మతు వెనకబడితే క్యాన్సర్‌కు దారి పడుతుంది. పొగలో ఉండే బెంజోపైరీన్ అనే రసాయనం ఒంట్లో మార్పు చెంది, డీఎన్‌ఏలోని నాలుగు అక్షరాల్లాంటి భాగాల్లో ఒకటైన గ్వానైన్‌కు అతుక్కుంటుంది. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువులో అది బాగా అతుక్కునే చోట్లూ, పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఆ జన్యువు పాడయ్యే చోట్లూ ఒకటేనని 1996లోనే చూపించారు. మరి బీడీ, సిగరెట్ ముట్టకుండా, సీజనంతా కట్టెల పొగలో బ్యారన్ (మంట వేడితో ఆకు ఆరబెట్టే గది) దగ్గర రాత్రీ పగలూ కాపలా ఉండేవాళ్ల మాటేమిటి? పచ్చాకు రెలిచి (కోసి), కర్రలకు అల్లి, తల తిరిగి వాంతులు చేసుకుని, ‘ఆకు పడలేదులే’ అని ఓ పూట పడుకుని మర్నాడు మళ్లీ చేలోకి వెళ్లే ఆడవాళ్ల మాటేమిటి? తడి ఆకు మీది నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగడం వల్ల వచ్చే జబ్బది. మా అమ్మకూ వచ్చేది. నా పరిశోధన ఈ మనుషుల గురించి.

దానికి ఒకే మనిషి రక్తం రెండుసార్లు తీయాలి. నాట్లప్పుడు, పొగ లేని రోజుల్లో ఒకసారి. బ్యారన్లు కాలుతున్నప్పుడు మరోసారి. తెల్లకణాలను అగరోజ్ అనే జెల్‌లో పరిచి కరెంటు పెడితే, తెగిన డీఎన్‌ఏ తోకచుక్కలా వెనక్కి సాగుతుంది. తోక ఎంత ఉంటే దెబ్బ అంత. కానీ ఆ తెగిన పోగుల్లో చాలావరకు గంటల్లోనే అతుక్కుంటాయి. బ్యారన్లు ఆరిపోయాక తీసిన రక్తం ఈ లెక్కకు పనికిరాదు. వేసవి దాటాక గ్రాంటు పంపి ‘ఇక చేసుకో’ అంటే చేసుకోవడానికి ఏమీ మిగలదు.

మొదటి విడత రక్తం తీశాం. ఐస్ బాక్సు ఒళ్లో పెట్టుకుని ఒంగోలులో రైలెక్కి ల్యాబుకు చేర్చాను. రెండో విడతకు డబ్బు జనవరికి రావాలి. రాలేదు. ఆకు రెలిచారు, కాల్చారు, బేళ్లు కట్టి వేలానికి తీసుకెళ్లారు. సీజన్ నా కళ్ల ముందే అయిపోయింది. జెల్ కొనడానికి డబ్బు లేదు, యాంటీబాడీలు ఆర్డరు పెట్టడానికి లేదు, రక్తం తీసే నర్సమ్మకు ఇవ్వడానికీ లేదు. ఇప్పుడు ఊరికి వెళ్తే ‘అమ్మాయ్, మా నెత్తురు పరీక్ష ఏమైంది?’ అని అడుగుతున్నారు. సూదంటే భయపడుతూనే, నా మీద నమ్మకంతో చెయ్యి చాపిన వాళ్లు. ఫలితం తెచ్చి మీకే ముందు చెప్తానని మాటిచ్చాను. వాళ్లకు నేనేం చెప్పాలి మంత్రి గారూ? పరిశీలనలో ఉందని చెప్పనా?

అప్పుడు తీసిన కణాలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉన్నాయి. నైట్రోజన్ రోజూ ఆవిరవుతుంది, నింపుతూనే ఉండాలి. ల్యాబులో తలా కొంత వేసుకుని నింపిస్తున్నాం. ఒక్కసారి ఎండిందంటే ఆ కణాలు చచ్చిపోతాయి, ఆ మనుషులు ఇచ్చింది మట్టిలో కలుస్తుంది.

ఇక జీతం సంగతి. 2023 జనవరి నుంచి రీసెర్చ్ అసోసియేట్‌కు (డాక్టరేట్ చేసిన పరిశోధకులకు) మొదటి స్థాయిలో నెలకు 58,000 రూపాయలని ఉత్తర్వు ఉంది. పెంచినందుకు సంతోషమే. కానీ చేతికి రాని జీతం ఎంతైతే ఏం లాభం? డాక్టరేట్ చేసిన కూతురి అద్దె మా నాన్న ఆకు అమ్మిన డబ్బుతో కడుతున్నాడు. ఆయన మందులకు ఉంచుకున్న డబ్బది. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, మీకూ బాధ కలగాలనే రాస్తున్నాను.

నేనొక్కదాన్నే అనుకోకండి. మా ల్యాబులోనే ఇంకొకామె ఫాంకోని ఎనీమియా పిల్లల కణాల మీద పనిచేస్తోంది. డీఎన్‌ఏ మరమ్మతు లోపంతో పుట్టే జబ్బు, చాలావరకు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ పాడైన జన్యువు వస్తే బయటపడుతుంది. మేనరికాలున్న మన దగ్గర ఆ పని ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఆమెకూ ఫెలోషిప్ ఆగింది.

అయ్యా, ఆగిన గ్రాంటు విడుదల చేయించండి. పోయిన నెలల్ని మా గడువులో లెక్కేయకుండా ఆ మేరకు పొడిగించండి, ఎందుకంటే ఆలస్యం మాది కాదు. ఇకనుంచి ఫెలోషిప్ నెలనెలా పడేలా చూడండి. మా ఫైలు ఎవరి బల్ల మీద ఉందో చెప్పగలిగే ఒక మనిషినైనా ఆ ఫోన్ దగ్గర కూర్చోబెట్టండి. ముందు ఆ గ్రాంటు విడుదల చేయించండి.

అక్టోబరులో మళ్లీ నాట్లు మొదలవుతాయి. ఆలోపు డబ్బు పడితే జనవరిలో బ్యారన్ల దగ్గరికి సూదీ ట్యూబులతో వెళ్లగలను. లేకపోతే ఈ ఏడాదీ పోయినట్టే.

ఇట్లు,
ప్రకాశం జిల్లా పొగాకు రైతు కూతురు,
పోస్ట్ డాక్టోరల్ పరిశోధకురాలు