చూపులేనివారి కోసం పుస్తకాలు: నాలుగు నెలల జమా ఖర్చులు

విజయనగరం, శ్రీకాకుళం నుంచి చందాలిచ్చిన 46 మందికీ, ఆదివారాలు వచ్చి కూర్చున్న పిల్లలకీ, రిటైరైన మేష్టార్లకీ నమస్కారం. పాత తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి, తప్పులు దిద్ది, కంప్యూటరు చూపులేనివారికి చదివి వినిపించేలా మారుస్తున్న పనికి ఈ ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా లెక్క ఇది. బిల్లులు, రసీదులు ఫైల్లో ఉన్నాయి. ఏ ఆదివారమైనా వచ్చి చూడొచ్చు.

చందాలు రూ. 41,300. హుండీలో పడింది రూ. 3,450. బ్యాంకు వడ్డీ రూ. 212. మొత్తం జమ రూ. 44,962.

ఖర్చులో పెద్ద పద్దు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్, రూ. 16,500. ఫోన్లలో దిద్దుతుంటే కళ్లు లాగేస్తున్నాయని అందరూ అన్నాకే కొన్నాం. ఆరు పుస్తకాల 1,480 పేజీల స్కానింగుకు పేజీకి 2 రూపాయల చొప్పున రూ. 2,960. అందులో 640 పేజీలు మళ్లీ చేయించాల్సి వచ్చింది, ఇంకో రూ. 1,280. తప్పు మాదే. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో) కావాలని ముందే చెప్పలేదు. వత్తులు అలికినట్టు వచ్చాయి, స్కాన్ బొమ్మలోని అక్షరాలను టైపు అక్షరాలుగా మార్చే ఓసీఆర్‌కు ఏమీ అర్థం కాలేదు.

చెవితో ప్రూఫ్ చూసిన ముగ్గురికి నెలకు రూ. 700 చొప్పున నాలుగు నెలలకు రూ. 8,400 ఇచ్చాం. ‘ఓసీఆర్ ఉంది, వలంటీర్లు ఉన్నారు, మళ్లీ ఈ ఖర్చెందుకు?’ అని కొందరు దాతలు అడిగారు. అడగాల్సిన మాటే. పాత అచ్చులో ‘మ’కీ ‘వు’కీ తేడా చాలా తక్కువ. ‘మనిషి’ కాస్తా ‘వునిషి’ అవుతుంది. చూపున్న మన కన్ను దాన్ని ‘మనిషి’ అనే చదివేసుకుని ముందుకు పోతుంది. ‘పండుగ’లో సున్నా బదులు అంకె సున్నా పడితే తెర మీద తేడాయే కనబడదు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాత్రం ‘ప, సున్నా, డుగ’ అంటుంది. వాక్యం మధ్యలో పేజీ నంబరు చదివేస్తుంది. ఇవన్నీ పట్టుకున్నది బొబ్బిలి, చీపురుపల్లి, శ్రీకాకుళంలో ఉన్న ఆ ముగ్గురే. వాళ్లకీ చూపు లేదు. మేం రెండుసార్లు దిద్ది ‘అయిపోయింది’ అనుకున్న మొదటి పుస్తకంలో ఒక్కొక్కరూ పేజీల కొద్దీ తప్పులు చెప్పారు. ఆ పని ఉచితంగా చేయించుకోవడం న్యాయం కాదని కమిటీ అంతా ఒక్క మాట మీద ఉన్నాం.

వాళ్లకి రెండు హెడ్‌ఫోన్లు రూ. 1,400. ఒకరికి ముందే ఉంది. స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఉచితం కాబట్టి సాఫ్ట్‌వేర్ పద్దు లేదు. నెట్ రీఛార్జులు రూ. 4,186. కాగితం మీదే దిద్దుతామన్న పెద్దవాళ్ల కోసం ప్రింట్లు రూ. 1,920. బస్సు ఛార్జీలు రూ. 1,940. టీలు, టిఫిన్లు రూ. 2,310. మొత్తం ఖర్చు రూ. 40,896.

హక్కుల గురించి కూడా అడిగారు. మేం తీసుకున్నవి గురజాడ, గిడుగు రచనలు. ఒకరు 1915లో, మరొకరు 1940లో పోయారు. రచయిత పోయాక 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది. ఇప్పటి పుస్తకాలైనా, లాభాపేక్ష లేకుండా చూపులేనివారికి అందేలా మార్చడానికి 2012 సవరణ తర్వాత చట్టం ఒప్పుకుంటోంది. పూర్తయిన నాలుగు పుస్తకాలనూ 2016లో మొదలైన, చూపులేనివారి ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయకు పంపే ఏర్పాట్లు చేస్తున్నాం.

చేతిలో ఉన్నది రూ. 4,066: బ్యాంకులో 3,700, నగదు 366. మిగిలిన రెండు పుస్తకాలకు ఆ ముగ్గురికీ ఇంకో రెండు నెలలు ఇవ్వాలి, అంటే రూ. 4,200. తగ్గిన 134 రూపాయలు కమిటీ వాళ్లమే వేసుకుంటాం. ఆ రెండూ పూర్తయ్యేదాకా కొత్తగా చందా అడగం.