వార్షిక నివేదిక: అవినీతి నిరోధక సంస్థలు, ప్రజల నమ్మకం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం అప్పగించిన మేరకు ఈ ఏడాది మన అధ్యయన విభాగం ఒకే ప్రశ్నను పట్టుకుని పనిచేసింది. లంచం తీసుకుంటూ అధికారులు పట్టుబడిన వార్తలు తరచూ వస్తున్నా ప్రభుత్వంపై నమ్మకం ఎందుకు పెరగడం లేదు? పట్టుబడిన నాటి వార్త అందరికీ చేరుతుంది కానీ, ఆ కేసు విచారణ దాకా వచ్చిందో లేదో, శిక్ష పడిందో లేదో ఫిర్యాదుదారుకు సైతం తెలియదన్నదే దీనికి ముఖ్య కారణమని కార్యవర్గం భావిస్తున్నది.

చర్చల్లో ఎక్కువ సమయం హాంకాంగ్‌కే వెచ్చించాము. 1973లో దర్యాప్తును ఎదుర్కొంటున్న పోలీసు ఉన్నతాధికారి పీటర్ గాడ్బర్ దేశం దాటిపోవడంతో జనం వీధుల్లోకి వచ్చారు. పోలీసుల అవినీతిని పోలీసులే విచారించే పద్ధతికి స్వస్తి చెప్పి, 1974 ఫిబ్రవరిలో నేరుగా గవర్నరుకే జవాబుదారీగా ఉండే స్వతంత్ర కమిషన్‌ను నెలకొల్పారు. మరుసటి ఏడాది గాడ్బర్‌ను ఇంగ్లండు నుంచి రప్పించగా, అతనికి నాలుగేళ్ల జైలుశిక్ష పడింది. అయితే మమ్మల్ని ఆకట్టుకున్నది ఆ శిక్ష కాదు. దర్యాప్తు విభాగంతో పాటు, లంచానికి తావిచ్చే కార్యాలయ పద్ధతులను సరిదిద్దే విభాగాన్నీ, ప్రజల మధ్య పనిచేసే విభాగాన్నీ ఆ సంస్థ మొదటి నుంచీ నడిపింది. దర్యాప్తులు ఎలా సాగుతున్నాయో సంస్థకు బయటి పౌరులున్న సంఘం సమీక్షిస్తుంది. ఇదంతా సాఫీగా సాగిందనుకోరాదు. 1977లో పోలీసులు తిరగబడి కమిషన్ కార్యాలయంపైకి వెళ్లడంతో, ఆ ఏడాది జనవరి 1కి ముందు జరిగిన నేరాల్లో చాలావాటిని వదిలివేస్తున్నట్లు గవర్నరు ప్రకటించవలసి వచ్చింది. అయినా పేరు చెప్పుకుని ఫిర్యాదు చేసేవారి పాలు కాలక్రమంలో పెరిగింది. నమ్మకానికి ఇంతకన్నా మంచి కొలమానం మాకు కనిపించలేదు.

సంస్థ గట్టిగా పనిచేస్తే ఏలికలకు కంటగింపు అవుతుందనడానికి ఇండొనేషియా, రుమేనియా రెండూ సాక్ష్యమే. ఇండొనేషియా అవినీతి నిర్మూలన కమిషన్ చట్టాన్ని 2019లో సవరించి, ఉద్యోగులను ప్రభుత్వ సిబ్బందిగా మార్చినప్పుడు విద్యార్థులు పెద్దయెత్తున నిరసన తెలిపారు. రుమేనియాలో ప్రధాన అవినీతి నిరోధక ప్రాసిక్యూటర్ లారా కొవేసిని 2018లో తొలగించగా, ఆమె హక్కులకు భంగం కలిగిందని యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం 2020లో తీర్పు చెప్పింది. 2003 నాటి ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందం ఇలాంటి సంస్థలకు స్వతంత్రత ఉండాలని స్పష్టంగా చెబుతున్నది. కాగితం మీది స్వతంత్రతను నిలబెట్టేది మాత్రం నియామకం, పదవీకాలం, నిధులు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే.

దేశాల అవినీతి సూచీపై చర్చ క్లుప్తంగా ముగిసింది. అది నిపుణుల, వ్యాపారవేత్తల అభిప్రాయాల ఆధారంగా తయారయ్యేదే తప్ప సామాన్యుడి అనుభవాన్ని కొలిచేది కాదు.

సభ్యుల ఫిర్యాదు పత్రాల తయారీకి తోడ్పడ్డాము. ఒక పత్రంలో "అక్కడ అందరూ తింటారు" అని మాత్రమే ఉండగా, ఏ పనికి, ఎవరు, ఎప్పుడు, ఎంత అడిగారు, అప్పుడు పక్కన ఎవరున్నారు అని గుచ్చిగుచ్చి అడిగి తిరిగి రాయించాము. రసీదు వచ్చింది, ఆపై జవాబు లేదు.

అందువల్ల ప్రతి ఫిర్యాదు ఏ దశలో ఉందో ఫిర్యాదుదారుకు నిర్ణీత గడువులో తెలపాలని, మూసివేస్తే కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలని కోరే తీర్మానాన్ని ఆదాయ వ్యయాల పట్టికతో పాటు సభ ఆమోదం కోసం సమర్పిస్తున్నాము.